నాలుగున్నర సెకన్ల టేపు ముక్క: ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ను మళ్ళీ వింటే

బీ జీస్ బృందం పాడిన ‘స్టేయిన్ అలైవ్’ పాటను ఒకసారి డ్రమ్స్ మీదే చెవి పెట్టి వినాలి. గొంతులు, గిటారు, తీగవాద్యాలు అన్నీ పక్కన పెట్టి, కింద నడిచే దెబ్బ ఒక్కటే వినాలి. చరణం ముగిసి పల్లవి ఎత్తుకునేటప్పుడు మామూలుగా డ్రమ్మర్ చెయ్యి కాస్త బరువెక్కుతుంది. మళ్ళీ చరణంలోకి దిగేటప్పుడు తేలికవుతుంది. మూడో నిమిషం దాటేసరికి ఊపులో పడి వేగం వెంట్రుకవాసి పెరుగుతుంది. ఇక్కడ అలాంటిదేమీ జరగదు. పాట మొదలైన దగ్గర్నుంచి చివర్లో శబ్దం సన్నబడి మాయమయ్యేదాకా అదే బరువు, అదే ఎడం. ఆ పాట కట్టేటప్పుడు డ్రమ్స్ వెనక మనిషి లేడు. అంతకుముందు వేరే పాట కోసం వాయించిన రెండు బార్ల (ఎనిమిది దెబ్బల) ముక్కను టేపులోంచి కోసి, కొసలు రెండూ అతికించి, గుండ్రంగా తిప్పారు.

ఆ పాట ఉన్న ‘సాటర్‌డే నైట్ ఫీవర్’ సినిమా పాటల ఆల్బమ్ గురించి రాసేవాళ్ళు ముందుగా అంకెలు చెబుతారు. చెప్పుకోదగ్గ అంకెలే. ఆర్‌ఎస్‌ఓ రికార్డ్స్ 1977 నవంబరు 15న రెండు ఎల్పీలుగా (పెద్ద గ్రామఫోను రికార్డులుగా) విడుదల చేసింది. 1978 జనవరి నుంచి జులై దాకా అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో వరసగా 24 వారాలు మొదటి స్థానంలో ఉంది. బ్రిటన్‌లో 18 వారాలు. 1979లో ‘ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్’ గ్రామీ అందుకుంది. ప్రపంచమంతటా కలిపి 4 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయన్నది తరచూ వినిపించే అంచనా. కానీ ఈ అంకెల వల్ల ఒక పొరపాటు అభిప్రాయం స్థిరపడిపోయింది. డిస్కో అంటే ఇదే, ఇదంటే డిస్కోనే అని. 17 పాటలనూ వరసగా, నాలుగు పక్కలూ తిప్పి వింటే అలా అనిపించదు. ఈ అట్టలో రెండు వేరు వేరు సంగీతాలున్నాయి. ఒకటి న్యూయార్క్, ఫిలడెల్ఫియా క్లబ్బుల్లో అప్పటికే పండిపోయిన డాన్సు సంగీతం. రెండోది క్లబ్బుకు చాలా దూరంలో, ఫ్రాన్సులో ఒక పాత భవంతిలో కూర్చుని బీ జీస్ అన్నదమ్ములు, వాళ్ళ ఇంజినీర్లు కట్టిన రికార్డింగ్ గది సంగీతం. లోకం గుర్తుపెట్టుకున్నది రెండోదాన్ని.

ఆ భవంతి పేరు షాతో దెరూవిల్, పారిస్‌కు దగ్గర్లోనే ఉంటుంది. 1977 మొదట్లో బ్యారీ, రాబిన్, మారిస్ గిబ్ అక్కడికి వెళ్ళింది సినిమా కోసం కాదు. లైవ్ ఆల్బమ్ మిక్సింగు చూసుకోవాలి, తర్వాతి ఆల్బమ్‌కు పాటలు కట్టుకోవాలి. అలాంటప్పుడు వాళ్ళ మేనేజరు, ఆర్‌ఎస్‌ఓ అధినేత రాబర్ట్ స్టిగ్‌వుడ్ ఫోన్ చేసి తాను తీస్తున్న సినిమాకు పాటలు కావాలన్నాడు. కథ 1976లో ‘న్యూయార్క్’ పత్రికలో నిక్ కోన్ రాసిన వ్యాసం నుంచి తీసుకున్నది. బ్రూక్లిన్ కుర్రాళ్ళ శనివారపు రాత్రుల మీద నిజ కథనంగా అచ్చయిన ఆ వ్యాసం చాలావరకు కల్పనేనని కోన్ తర్వాత ఒప్పుకున్నాడు. అన్నదమ్ములు స్క్రిప్టు మీద పెద్దగా దృష్టి పెట్టలేదు. అప్పటికి చేతిలో ఉన్నవి, అప్పటికప్పుడు పుట్టినవి కలిపి పాటలు ఇచ్చారు.

పని మధ్యలో డ్రమ్మర్ డెనిస్ బ్రయన్‌కు ఇంట్లో కష్టం వచ్చి వెళ్ళిపోవాల్సి వచ్చింది. ఆ చుట్టుపక్కల అంత సమర్థుడైన డ్రమ్మర్ దొరకలేదు. రిథమ్ బాక్సు, అంటే డ్రమ్ దెబ్బలు పలికించే యంత్రం, పెట్టి చూశారు. నచ్చలేదు. ఆ కాలపు రిథమ్ బాక్సులో దెబ్బల మధ్య ఎడం గణితం ప్రకారం కచ్చితంగా ఉంటుంది కానీ ఆ శబ్దంలో చర్మం ఉండదు, గది ఉండదు, ఒక దెబ్బకూ మరో దెబ్బకూ బరువులో తేడా ఉండదు. నిర్మాతలు ఆల్బీ గాలూటెన్, కార్ల్ రిచర్డ్‌సన్ అప్పుడు ఇంకో దారి పట్టారు. అప్పటికే రికార్డయి ఉన్న ‘నైట్ ఫీవర్’ డ్రమ్ ట్రాకంతా విని, ఊపు బాగా కుదిరిన రెండు బార్లు ఏరారు.

బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ఆవర్తం. ‘స్టేయిన్ అలైవ్’ కాలప్రమాణం నిమిషానికి సుమారు 104 దెబ్బలు. అంటే ఒక్కో దెబ్బ సెకనులో నూటికి 58 వంతులు. ఎనిమిది దెబ్బలకు 4.6 సెకన్లు. టేపు సెకనుకు 15 అంగుళాల వేగంతో నడిస్తే ఆ ముక్క పొడవు దాదాపు 70 అంగుళాలు, మనిషి ఎత్తంత. 30 అంగుళాల వేగమైతే పదకొండున్నర అడుగులు. ఇంత పొడవున్న ఉంగరాన్ని మెషీను మీది రెండు చక్రాల మధ్య ఉంచడం కుదరదు. బయటికి లాగి దేని మీదుగానో తిప్పి మళ్ళీ లోపలికి తేవాలి. వాళ్ళు మైకు స్టాండు నిలబెట్టి, దాని దగ్గర ఒక ప్లాస్టిక్ రీలు చుట్టూ తిప్పారు. రీలు బరువుకు టేపు బిగువుగా ఉంటుంది. ముందు దీన్ని తాత్కాలిక ఏర్పాటుగానే అనుకున్నారు. డ్రమ్మర్ తిరిగొచ్చాక అసలు డ్రమ్స్ వాయించి మార్చుకోవచ్చని ఆలోచన. తీరా విన్నాక మార్చబుద్ధి కాలేదు.

టేపుతో ఇలా లూప్ (ఉంగరం) కట్టే పని చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది. పట్టుబడాలంటే మాత్రం చెయ్యి తిరగాలి. ముందు మెషీను ఆపి, రీళ్ళను రెండు చేతులతో మెల్లగా ముందుకీ వెనక్కీ కదుపుతూ, కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) దెబ్బ సరిగ్గా ప్లేబ్యాక్ హెడ్ (టేపులోని శబ్దాన్ని చదివే భాగం) మీదికి ఎక్కడ వస్తుందో చెవితో పట్టుకోవాలి. అలా కదిపితే ‘ధం’ అనే శబ్దం బరువుగా గుర్రుమని సాగుతుంది. గుర్రు మొదలయ్యే చోట టేపు వీపు మీద మైనపు పెన్సిలుతో గీత పెట్టాలి. రెండు బార్లు గడిచాక మళ్ళీ వచ్చే మొదటి దెబ్బ దగ్గర రెండో గీత. టేపును గాడి ఉన్న లోహపు పట్టీలో పరిచి, బ్లేడుతో ఏటవాలుగా కోయాలి. నిలువుగా కోస్తే అతుకు హెడ్ మీదుగా వెళ్ళేటప్పుడు ‘టక్’ మంటుంది. ఏటవాలుగా కోస్తే పాత శబ్దం తగ్గుతూ కొత్తది పెరుగుతూ కలిసిపోతాయి. బ్లేడుకు అయస్కాంత గుణం ఉండకూడదు. ఉంటే కోసిన చోటే శబ్దంలో చిటుక్కుమనే గుర్తు పడిపోతుంది. అతికించే పట్టీ వీపు వైపే వెయ్యాలి, శబ్దం ఉన్న వైపు కాదు.

ఇక్కడ చెడేది రెండు చోట్ల. మొదటిది కొలత. సెకనుకు 15 అంగుళాల వేగంలో ఒక అంగుళం అంటే 67 మిల్లీ సెకన్లు. అంగుళంలో ఎనిమిదో వంతు తప్పు కోస్తే 8 మిల్లీ సెకన్లు. ఒక్కసారి వింటే ఎవరికీ తెలియదు. అదే తప్పు నాలుగున్నర సెకన్లకోసారి అదే చోట వస్తుంటే లయ కుంటుతుంది, చెవికి కాకపోయినా నడుముకు తెలిసిపోతుంది. రెండోది తాళపు మోత. హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట తాళాలు) మీద పడ్డ దెబ్బ వెంటనే ఆగదు, కాసేపు మోగుతుంది. కోసిన చోట ఆ మోత తెగిపోతే ప్రతి చుట్టులోనూ గాలి పీల్చినట్టు ఒక ఖాళీ వస్తుంది. అందుకే లూప్‌కు పనికొచ్చే బార్ అంటే బాగా వాయించిన బార్ మాత్రమే కాదు. దాని చివరి మోత దాని మొదటి మోతతో అతకాలి. పైగా టేపు బిగువు మారితే వేగం మారుతుంది, వేగంతో పాటు శ్రుతీ కదులుతుంది. ఇవన్నీ కుదిరాక ఆ ఉంగరాన్ని తిప్పుతూనే 24 ట్రాకుల మెషీనులోకి పాట పొడవునా ఎక్కించారు. ఆల్బమ్ మీద పాట నిడివి 4 నిమిషాల 45 సెకన్లు. అంటే ఆ ముక్క 60 చుట్లకు పైగా తిరిగిందన్నమాట.

ఫలితం ఎందుకంత బాగుంది? రిథమ్ బాక్సుకు కుదరనిదీ, మనిషికి కుదరనిదీ రెండూ ఇందులో ఒకేచోట ఉన్నాయి. దెబ్బల మధ్య ఉన్న చిన్న చిన్న హెచ్చుతగ్గులు బ్రయన్ చేతివి. అవి యంత్రం ఇవ్వలేదు. ఆ హెచ్చుతగ్గులే తు.చ. తప్పకుండా 60 సార్లు తిరిగి రావడం యంత్రం పని. అది మనిషి ఇవ్వలేడు. ఈ రోజు సినిమా పాటల రికార్డింగులో కంప్యూటరు మీద లూపు పరిచి దాని మీద పాట కట్టడం మంచినీళ్ళ ప్రాయం. హైదరాబాదులోనైనా చెన్నైలోనైనా కీబోర్డు ప్రోగ్రామర్ ముందు చేసే పని అదే. దానికి టేపు, బ్లేడు, మైకు స్టాండు రూపంలో పునాది పడ్డ చోట్లలో ఈ గది ఒకటి. అదే 1977లో మ్యూనిక్‌లో జార్జియో మోరోడర్ బృందం డోనా సమ్మర్ పాడిన ‘ఐ ఫీల్ లవ్’ను మూగ్ సింథసైజరు మీద కట్టింది. అక్కడ చిత్రంగా వ్యవహారం తలకిందులు. వాద్యాలన్నీ యంత్రానివి, కిక్ డ్రమ్ మాత్రం కీత్ ఫోర్సీ అనే మనిషి వాయించాడు. డిస్కోలో మనిషికీ యంత్రానికీ మధ్య పని పంపకం ఆ ఏడాదే ఇన్ని రకాలుగా జరిగింది.

రికార్డు మీద డ్రమ్మర్ పేరు వేయాలి కదా. ‘బెర్నార్డ్ లూప్’ అని వేశారు. బెర్నార్డ్ పర్డీ అనే గొప్ప డ్రమ్మర్ పేరు మీద కట్టిన చమత్కారం అది. ఆ పేరు చూసి, ఆ నిలకడ చూసి, ఆ లూప్ గారు ఎక్కడ దొరుకుతారని వెతికినవాళ్ళున్నారు.

ఇప్పుడు కాలప్రమాణం సంగతి. నిమిషానికి 104 అనేది డాన్సు ఫ్లోరుకు నెమ్మది. ఇదే ఆల్బమ్ చివర ఉన్న ‘డిస్కో ఇన్‌ఫెర్నో’ దాదాపు 130 మీద పరిగెడుతుంది. ‘యూ షుడ్ బీ డాన్సింగ్’ 120కి పైనే. 104 మనిషి తీరుబడిగా, కాస్త దర్జాగా నడిచే వేగం. సినిమా మొదట్లో జాన్ ట్రవోల్టా పెయింటు డబ్బా చేత్తో పట్టుకుని బ్రూక్లిన్ వీధిలో నడిచే దృశ్యానికి ఈ పాట అంతగా అతకడానికి కారణం అదే. డాన్సు సినిమాలో అందరికీ గుర్తుండిపోయిన పాట నడక పాట. పాటలోని మాటలు కూడా డాన్సు గురించి కావు, నగరంలో నెగ్గుకురావడం గురించి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కే శిక్షణలో ఈ పాటను వాడటం కూడా ఈ వేగం వల్లే. పెద్దవాళ్ళకు నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలన్నది నియమం. కంగారులో చేతులు 140కి వెళ్ళిపోతాయి, అలిసిపోతే 80కి జారిపోతాయి. మనసులో ఈ పాట తిరుగుతుంటే రెండూ జరగవు. ఇక్కడ కూడా అక్కరకొచ్చింది ఆ టేపు ముక్క నిలకడే.

బ్యారీ గిబ్ గొంతు గురించి రెండు మాటలు. మన దగ్గర సంగీతం నేర్పే గురువులు ‘దొంగ గొంతు’ అని కసురుతారే, ఆ గొంతును బ్యారీ 1975లో ‘నైట్స్ ఆన్ బ్రాడ్వే’ పాట చివర్లో కేకల కోసం ప్రయత్నించాడు. ఆరిఫ్ మార్డిన్ నిర్మాణంలో మయామీలో రికార్డయిన ‘మెయిన్ కోర్స్’ ఆల్బమ్‌లోది ఆ పాట. రెండేళ్ళు తిరిగేసరికి అదే అతని ప్రధాన గొంతైంది. దొంగ గొంతులో స్వరతంత్రుల అంచులు మాత్రమే కదులుతాయి. అందుకే అది పలచగా ఉంటుంది, గట్టిగా పాడితే పగులుతుంది. ఆ పలుచదనాన్ని పోగొట్టడానికి ఒకే వరసను మళ్ళీ మళ్ళీ పాడి ఒకదాని మీద ఒకటి పేర్చారు. రెండుసార్లు పాడినప్పుడు శ్రుతిలో వచ్చే సన్నటి తేడాలు కలిసి గొంతుకు వెడల్పునిస్తాయి. హెడ్‌ఫోన్స్‌లో ‘నైట్ ఫీవర్’ పల్లవి వింటే ఆ పొరలు విడివిడిగా దొరుకుతాయి. ‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’లో మాత్రం గొంతు మెత్తగా, గాలి కలిసి ఉంటుంది. కీబోర్డు వాద్యకారుడు బ్లూ వీవర్ పియానో మీద వెతుక్కుంటూ వేసిన కార్డుల చుట్టూ కట్టిన పాట అది. అందులో డిస్కో దాదాపు లేదనే చెప్పాలి. నిఖార్సైన ప్రేమగీతం, ఆల్బమ్ మొత్తంలో వరస పరంగా అన్నిటికంటే బలమైనది.

అమ్మకం ఎలా సాగిందన్నది ఇంకో పాఠం. ‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’ను 1977 సెప్టెంబరులోనే సింగిల్‌గా, అంటే విడి రికార్డుగా, వదిలారు. నవంబరులో ఆల్బమ్. డిసెంబరులో సినిమా. సినిమా వచ్చేటప్పటికి పాట రేడియోలో నానిపోయి ఉంది. సినిమా నడుస్తుండగా మిగతా పాటలు ఒక్కొక్కటే వదిలారు. డిసెంబరు ఆఖరుకు ‘హౌ డీప్ ఈజ్ యువర్ లవ్’, ఫిబ్రవరిలో ‘స్టేయిన్ అలైవ్’, మార్చి నుంచి 8 వారాలు ‘నైట్ ఫీవర్’, మే నెలలో ఇవాన్ ఎలిమన్ పాడిన ‘ఇఫ్ ఐ కాంట్ హ్యావ్ యూ’ అమెరికాలో మొదటి స్థానానికి వెళ్ళాయి. పాట సినిమాకు, సినిమా పాటకు ప్రచారం. ఒకదాని డబ్బు ఇంకొకదానికి. సినిమాకు నెల ముందు పాటలు మార్కెట్లోకి రావడం, వారానికొక లిరికల్ వీడియో వదలడం తెలుగు ప్రేక్షకుడికి కొత్తేం కాదు. హాలీవుడ్‌లో మాత్రం ఆ పద్ధతి ఇంత పెద్ద ఎత్తున పండింది ఇక్కడే. సినిమా పేరు కూడా పాటతో కలిసి పుట్టింది. స్టిగ్‌వుడ్ ‘సాటర్‌డే నైట్’ అనే పాట కావాలన్నాడు. ఆ పేరుతో అప్పటికే పాటలు బోలెడున్నాయని అన్నదమ్ములు ఒప్పుకోలేదు. చివరికి ఆయన మాటలు రెండు, వాళ్ళ ‘నైట్ ఫీవర్’ కలిసి ఈ పేరైంది.

ఇక మిగతా పక్కలు. మొదటి పక్క అంతా గిబ్ అన్నదమ్ముల రచనే, 18 నిమిషాల 40 సెకన్లు, వదులుకోదగ్గది ఒక్కటీ లేదు. రెండో పక్క సడలుతుంది. బీథోవెన్ ఐదో సింఫనీని డిస్కోగా మార్చిన వాల్టర్ మర్ఫీ వాద్యం మొదటి నిమిషం ఆకట్టుకుంటుంది. ఆ నాలుగు స్వరాల ఎత్తుగడ ఎవరు వాయించినా ఆకట్టుకుంటుంది మరి. మళ్ళీ వినాలనిపించదు. టవారెస్ అన్నదమ్ములు పాడిన ‘మోర్ దాన్ ఎ వుమన్’ను మాత్రం మొదటి పక్కలోని బీ జీస్ రూపం పక్కన పెట్టి వినాలి. ఒకే పాట, ఒకే ఆల్బమ్, రెండు పద్ధతులు. బీ జీస్ రూపం ‘స్టేయిన్ అలైవ్’ లూపు మీదే నడుస్తుంది, దాని మీద గొంతులు తేలుతుంటాయి. టవారెస్ రూపంలో నిండు గొంతు ముందుంటుంది, డ్రమ్మర్ పాటతో పాటు ఊపిరి తీస్తాడు. లూపు ఏమిస్తుందో, ఏం తీసేసుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. రాల్ఫ్ మెక్‌డొనాల్డ్ ‘కలిప్సో బ్రేక్‌డౌన్’ 7 నిమిషాల 50 సెకన్ల తాళవాద్య కచేరీ. మిగతా ఆల్బమ్‌తో పెద్దగా పొత్తు లేకపోయినా తాళవాద్యం ఇష్టమైనవాళ్ళకు పండగ. డేవిడ్ షైర్ కట్టిన మూడూ సినిమా నేపథ్య సంగీతాలు, తెర లేకుండా నిలబడవు.

మూడో పక్కలో ‘జైవ్ టాకిన్’ ఉంది. ఇది 1975 నాటిది. మయామీలో క్రైటీరియా స్టూడియోకు రోజూ వెళ్ళే దారిలో జూలియా టటిల్ కాజ్‌వే అనే పొడవాటి వంతెన ఉంది. కారు చక్రాలు దాని అతుకుల మీదుగా వెళ్తుంటే వచ్చిన ‘చక-చక-చక’ నుంచి బ్యారీకి ఈ లయ తట్టింది. ‘యూ షుడ్ బీ డాన్సింగ్’ 1976ది. సినిమాలో ట్రవోల్టా ఒంటరిగా ఫ్లోరంతా తనదే చేసుకునే నాట్యం దీని మీదే. అప్పటికే పాతదైన పాట ఆ దృశ్యంతో మళ్ళీ పుట్టింది.

నాలుగో పక్క చివర, మొత్తం ఆల్బమ్ చివర, ట్రాంప్స్ బృందం ‘డిస్కో ఇన్‌ఫెర్నో’. 10 నిమిషాల 51 సెకన్లు. అసలు క్లబ్బు సంగీతం ఎలా ఉండేదో ఈ అట్టలో దీన్ని విన్నాకే తెలుస్తుంది. డ్రమ్స్ వెనక ఉన్నది ఎర్ల్ యంగ్. ఫిలడెల్ఫియా సిగ్మా సౌండ్ స్టూడియోలో 1973 నుంచి ఈయన వాయించిన పద్ధతే డిస్కోకు వెన్నెముక అయింది. కిక్ డ్రమ్ నాలుగు దెబ్బల మీదా సమానంగా: ధం, ధం, ధం, ధం. రెండో, నాలుగో దెబ్బ మీద స్నేర్ అనే చురుకైన చిన్న డ్రమ్. అసలు కీలకం ఈ దెబ్బల మధ్యలో ఉంది. ప్రతి రెండు ‘ధం’ల నడుమ సగంలో హైహ్యాట్ మూత తెరిచి ‘త్స్’ అనిపించి, తర్వాతి దెబ్బకు మూసేస్తాడు. ధం-త్స్, ధం-త్స్. కిక్ కాలిని కిందికి లాగితే ‘త్స్’ మడమను పైకి లేపుతుంది. మన తాళం లెక్కలో చెప్పాలంటే సమం మీద బరువు, అనాగతం మీద ఎత్తు. నిమిషానికి 130 దెబ్బల వేగంలో పది నిమిషాలు దీన్ని కాలితో, చేత్తో నిలబెట్టడం మాటలు కాదు. జాగ్రత్తగా వింటే ఎర్ల్ యంగ్ మారుతూ ఉంటాడు. పల్లవికి ముందు తోస్తాడు, వాద్య భాగంలో పట్టు వదిలి మళ్ళీ బిగిస్తాడు. మొదటి పక్కలో ఒక్కసారి కూడా మారని డ్రమ్స్, చివరి పక్కలో క్షణక్షణం మారే డ్రమ్స్. ఈ ఆల్బమ్‌లో వినాల్సింది ఈ దూరాన్ని.

అంత మంచి పాటను ఎల్పీలో పెట్టిన చోటు మాత్రం దానికి అన్యాయం చేసింది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంచున ఉన్నా మధ్యలో ఉన్నా వేగం అంతే. కానీ అంచు దగ్గర ఒక చుట్టు పొడవు 90 సెంటీమీటర్ల పైచిలుకు. లోపలి గాడి దగ్గర 38 సెంటీమీటర్లు. అంటే ముల్లు కింద గాడి అంచున సెకనుకు 51 సెంటీమీటర్లు జారితే, చివరన 21 సెంటీమీటర్లే జారుతుంది. అదే శబ్దాన్ని సగం కంటే తక్కువ చోటులో కుక్కాలి. ‘త్స్’ లాంటి హెచ్చు స్వరాలకు గాడి వంపులు మరీ ఇరుకై ముల్లు వాటిని సరిగ్గా పట్టుకోలేదు. అప్పుడు ‘త్స్’ కాస్తా ‘ష్ష్’ అవుతుంది, గొంతులోని స, ష అక్షరాలు చిరుగుతాయి. పైగా నాలుగో పక్క నిడివి 21 నిమిషాల పైన, నాలుగింటిలోనూ పొడవైనది. పక్క పొడవు పెరిగేకొద్దీ గాడులు దగ్గర దగ్గరగా కోయాలి, దగ్గరగా కోయాలంటే శబ్దం స్థాయి, ముఖ్యంగా కింది స్వరాలు, తగ్గించాలి. కిక్ డ్రమ్ మీద బతికే పాటకు ఇది పెద్ద దెబ్బ. క్లబ్బుల్లో ఎల్పీ బదులు 12 అంగుళాల సింగిల్స్ వాడింది ఇందుకే. ఒక పక్కకు ఒకే పాట, వెడల్పాటి గాడి, పెద్ద శబ్దం.

పాత ప్రతి కొనేవాళ్ళు చూసుకోవాల్సిన చోట్లు కూడా ఇవే. అట్ట మెరుపు చూసి మోసపోకూడదు. ముందు నాలుగో పక్క పెట్టి, చివరి మూడు నిమిషాలు వినాలి. హైహ్యాట్ శుభ్రంగా పలికితే మిగతా పక్కలు చాలావరకు బాగున్నట్టే. తర్వాత మొదటి పక్క మొదటి పది సెకన్లు. పార్టీల్లో అందరూ ముల్లు దించేది అక్కడే కాబట్టి గీతలు ఎక్కువగా ఉంటాయి. ముల్లు బరువు చాలా మామూలు కార్ట్రిడ్జిలకు (ముల్లు అమర్చే భాగాలకు) 1.5 నుంచి 2 గ్రాములు. తయారీదారు చెప్పిన హద్దులో పై అంకె దగ్గర పెట్టుకోవడం మేలు. భయపడి మరీ తగ్గిస్తే ముల్లు గాడిలో ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ పాడుచేస్తుంది. ఇంకో పరీక్ష, టర్న్‌టేబుల్ వేగం. ‘స్టేయిన్ అలైవ్’ దెబ్బలు ఒక నిమిషం పాటు లెక్కపెడితే 103, 104 రావాలి. 106 వచ్చిందంటే బెల్టో మోటారో చూపించుకోవాలి. వేగం రెండు శాతం పెరిగితే బ్యారీ గొంతు అరస్వరంలో మూడో వంతు పైకి పోతుంది, అసలే హెచ్చులో ఉన్న గొంతు కీచుమంటుంది.

ఈ ఆల్బమ్ గెలుపు డిస్కోకు మేలూ చేసింది, చెరుపూ చేసింది. న్యూయార్క్‌లో ఈ సంగీతాన్ని పెంచి పోషించింది నల్లజాతివారు, లాటినోలు, స్వలింగ సంపర్కులు గుమిగూడే చోట్లు. 1970లో డేవిడ్ మాన్‌కూసో తన ఇంట్లో మొదలుపెట్టిన ‘ది లాఫ్ట్’ లాంటివి. సినిమాలో కథానాయకుడు ఇటాలియన్ అమెరికన్ కుర్రాడు, ఆల్బమ్‌కు ముఖం ముగ్గురు తెల్ల అన్నదమ్ములు. ట్రాంప్స్, ఎంఎఫ్‌ఎస్‌బీ, కూల్ అండ్ ద గ్యాంగ్ లాంటి బృందాలు వెనక పక్కల్లో మిగిలాయి. తర్వాత ఏడాదిన్నర పాటు ప్రతి కంపెనీ డిస్కో రికార్డు వదిలింది. రేడియో స్టేషన్లు మొత్తం అటే తిరిగాయి. జనానికి మొహం మొత్తింది. 1979 జులై 12న షికాగో కొమిస్కీ పార్కులో బేస్‌బాల్ ఆటల మధ్య డిస్కో రికార్డుల పెట్టెను పేల్చేశారు. జనం మైదానంలోకి దూసుకొచ్చి రెండో ఆట రద్దయింది. ఆ కోపంలో సంగీతం మీద విసుగు ఎంతో, ఆ సంగీతం ఎవరిదో వాళ్ళ మీద అసహనం కూడా అంతే ఉందని తర్వాత చాలామంది విమర్శకులు రాశారు. మొదటి పక్క మాత్రమే విన్నవాళ్ళకు ఆ మాట అంతుపట్టదు.

అమెరికాలో తలుపు మూసుకున్నాక డిస్కో మన దేశంలో తలుపు తట్టింది. బెంగళూరులో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ బిద్దూ స్వరపరచిన, నాజియా హసన్ పాడిన ‘ఆప్ జైసా కోయీ’ 1980లో వచ్చింది. బప్పీ లహరి ‘డిస్కో డాన్సర్’ 1982లో. 1984లో అది తెలుగులో బాలకృష్ణ ‘డిస్కో కింగ్’ అయింది. 1986లో బప్పీ లహరే కృష్ణ ‘సింహాసనం’కు వచ్చాడు. రాజులు, కోటలు, కత్తులున్న జానపద కథలో డిస్కో దెబ్బ మోగింది.

ఆ రెండు బార్ల టేపు ముక్క పని మాత్రం 1977తో ముగియలేదు. 1980లో బ్యారీ గిబ్, గాలూటెన్, రిచర్డ్‌సన్ కలిసి బార్బ్రా స్ట్రైసాండ్‌కు ‘వుమన్ ఇన్ లవ్’ చేశారు. నెమ్మది ప్రేమగీతం, డిస్కో వాసన లేనిది. దాని కింద నడుస్తున్నదీ ‘నైట్ ఫీవర్’ కోసం డెనిస్ బ్రయన్ వాయించిన ఆ ముక్కే.